జవాబుకు ముందు వినిపించిన లెక్క

2004 ఆగస్టు 21, శనివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు సోంపేటలో మేము అద్దెకుంటున్న ఇంట్లో టెలిఫోను మోగింది. నేను చెప్పబోయే సంగతి అక్కడ మొదలైంది. తేదీని, వేళను జ్ఞాపకం మీద ఆధారపడి రాయడం లేదు. ముప్పై ఏళ్లుగా డైరీ రాస్తున్నాను. ఆ రోజు పేజీ తెరిచి చూసే ఈ వాక్యం రాశాను.

దయ్యాల సంగతులు చెప్పేవాళ్లను నేనేనాడూ వెక్కిరించలేదు, అలాగని నమ్మనూ లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో బారువ రోడ్డులో శ్మశానం పక్కనుంచి నాలుగేళ్లు సైకిలు మీద తిరిగాను. చీకటి పడ్డాక ఆ దారిన వెళ్లవద్దని చాలామంది చెప్పారు. రెండుసార్లు పంక్చరు కావడం తప్ప నాకక్కడ ఏమీ జరగలేదు. ప్రభుత్వ కార్యాలయంలో లెక్కలు సరిచూసే పని నాది. లెక్కలో తేడా వస్తే దానికి కారణం ఉంటుందనీ, ఓపికగా వెతికితే దొరుకుతుందనీ నా నమ్మకం. ఈ ఒక్క చోట మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

ఆ ఫోను నా కోసం వచ్చినది కాదు. మా అక్క కామేశ్వరి కూతురు దమయంతి కోసం వచ్చింది. వాళ్లది జలంత్రకోట. కొబ్బరితోట, కొంత జీడి. ఇంట్లో ఫోను లేదు. ఆ రోజుల్లో ఫోను లేనివాళ్లు దరఖాస్తుల్లో తెలిసినవాళ్ల నంబరు రాసి, పక్కన పి.పి. అని పెట్టేవారు. దమయంతి మా నంబరు రాసింది.

ఆ పిల్ల టెక్కలిలో ఎం.బి.ఏ. చదివింది. ఆర్థిక సంస్థలో అనలిస్టు కావాలని ఆశ. అంటే కంపెనీల జమాఖర్చులు చదివి, వాటిలో సొమ్ము పెట్టవచ్చో కూడదో అంచనా కట్టి చెప్పే ఉద్యోగం. అప్పటికి రెండు ఇంటర్వ్యూలకు వెళ్లి వచ్చింది, ఒకటి విశాఖపట్నంలో, ఒకటి హైదరాబాదులో. రెండుచోట్లా ఒకటే జరిగింది. లోపలినుంచి ఎవరు బయటికి వచ్చినా, వరండాలో ఉన్నవాళ్లంతా చుట్టుముట్టి ఏమడిగారని ఆరా తీసేవారట. లోపల పుస్తకాల్లో లేని ప్రశ్నలు అడిగేవారట. ఈ నగరంలో రోజుకు ఎన్ని కప్పుల టీ తాగుతారు, ఇలాంటివి. సరైన సంఖ్య వాళ్లకు అక్కర్లేదు. మనిషి ఎలా ఆలోచిస్తుందో పైకి చెబితే వినాలి. మా పిల్ల ఆలోచించేది, కానీ నోరు విప్పేది కాదు.

"లెక్క కళ్లముందు కనబడతాది మావయ్యా, మాటే రాదు. అర నిమిషం సూసి నెక్స్ట్ అనీసినారు," అని చెప్పుకుని ఏడ్చింది.

ఇది మూడో ఇంటర్వ్యూ. ఇందులో మొదటి విడత ఫోనులోనే. ఇదీ పోతే పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో చేరిపోతానని వాళ్లమ్మకు మాట ఇచ్చింది. వాళ్ల నాన్న బైరాగి బావకు మాత్రం ఆ మాట నచ్చలేదు.

బావ గురించి ఒక విషయం ఇక్కడే చెప్పాలి. జలంత్రకోట తోటల్లో కాయలు లెక్కపెట్టాలంటే చుట్టుపక్కలవాళ్లు ఆయన్నే పిలిచేవారు. కుప్ప ముందు గొంతుక్కూర్చుని, చేతికొక కాయ చొప్పున జత తీసి, పక్క కుప్పలోకి విసురుతూ పైకి లెక్కపెట్టేవాడు. మొదటి జతకు ఒకటి అనేవాడు కాదు, 'లాభం' అనేవాడు. మా వైపు ధాన్యం కొలిచినా అంతే, పాతవాళ్లందరికీ ఉన్న అలవాటే. కానీ బావ ఆ మాటను కింద మొదలుపెట్టి, సాగదీసి, చివర పైకి లేపేవాడు. తర్వాత రెండు, మూడు, నాలుగు అని వడివడిగా పోయేవాడు. యాభై జతలు కాగానే నూరు. అప్పుడొక కాయ తీసి కుడిపక్కన విడిగా పెట్టేవాడు. చివరికి ఆ విడి కాయలు ఎన్నుంటే అన్ని వందలు.

మా ప్రాంతంలో చాలా ఇళ్లలో ఉన్న కిడ్నీ జబ్బే ఆయనకూ వచ్చింది. ఆగస్టు 17న విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లవలసి వచ్చింది. ఆటో ఎక్కేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. తానూ వస్తానని దమయంతి పట్టుబట్టింది.

"నువ్వొచ్చి ఏటి సేత్తావు? సూదులు నాకు గుచ్చుతారు గాని నీకు గుచ్చరు గదా. మీ మావ కాడ ఫోను దగ్గరుండు," అన్నాడు బావ. మళ్లీ తనే, "ఆళ్లేటడిగినా ఉన్నదున్నట్టు సెప్పీ. తెలీకపోతే తెలీదని సెప్పు. ఉజ్జోగమే గాని పెళ్లి సంబంధమేటి, దాసీడానికి?" అని నవ్వాడు.

"ఒల్లకో. నవ్వితే ఆయాసం వత్తాది," అని ఊరుకోమన్నట్టు అక్క కసిరింది.

19వ తేదీకే ఆయనకు మాట పడిపోయింది. కళ్లు తెరిచేవాడు గానీ ఎవరినీ పోల్చుకునేవాడు కాదు. 20న ఈ కబురు తెలిసి దమయంతి బట్టలు సర్దుకుంది. ఆసుపత్రి ఎదుట టెలిఫోను బూత్‌నుంచి అక్క ఫోను చేసి, "రేపా ఫోను కానిచ్చీసి రా. ఒగ్గీసి వచ్చినావని తెలిస్తే మీ నాన్న ఊరుకోడు," అంది. పిల్ల ఆగింది.

21వ తేదీన నేను సెలవు పెట్టాను. నా భార్య పుట్టింటికి వెళ్లింది. ఇంట్లో మేమిద్దరమే. దమయంతి ముందుగదిలో ఫోను దగ్గర కూర్చుంది. నేను వీధి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. మా వీధిలో కొబ్బరి డిపోలు లేవు. ఆ పూట వీధిలో బండి కూడా ఆగలేదు.

మొదట్లో ఇంగ్లీషులో జవాబులు బాగానే చెప్పింది. ఆ తర్వాత మాట ఆగిపోయింది. నేను గడియారం చూశాను. అర నిమిషం దాటింది. నిమిషం కూడా దాటింది. గదిలో పంకా చప్పుడు తప్ప నాకేమీ వినబడలేదు. మూడోదీ పోయిందనుకున్నాను. అంతలో దమయంతి గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఒక చెట్టుకు ఏడాదికెన్ని కాయలు, ఎకరానికెన్ని చెట్లు, అలా మెట్టు మీద మెట్టు పేర్చుకుంటూ ఎక్కడా తడబడకుండా చెప్పుకుపోయింది. పది యాభైకి ఫోను పెట్టేసింది.

మీ మండలంనుంచి ఏడాదికి ఎన్ని లారీల కొబ్బరికాయలు బయటికి వెళ్తాయని అడిగారట.

"ముందు ఎప్పట్లాగే బిగుసుకుపోనాను మావయ్యా. తరవాత ఎందుకో బయం పోయింది. ఎందుకంటే సెప్పలేను," అంది. ఆమెకు ఏ గొంతూ వినబడలేదు. ఈ ముక్క ఆ రోజే డైరీలో రాసుకున్నాను. మధ్యాహ్నం ఆమెను పలాసలో విశాఖ రైలెక్కించి వచ్చాను.

సాయంత్రం అక్క ఫోను చేసింది. "రెండ్రోజులై నోరిప్పని మనిషి, ఇయాల కాయలు లెక్కెట్టినారురా తమ్ముడా! పెద్ద డాట్రు వార్డులోకొచ్చిన యేళ. లాభం అని మొదలెట్టి యాభై దాకా వచ్చినారు. ఈయనకేటి లాభమొచ్చిందమ్మా అని నర్సమ్మ నవ్వింది. ఆకర్న కుడి సెయ్యి సాపి, కాయ పక్కనెట్టినట్టు ఎట్టి, ఒగ్గీసినారు."

పెద్ద డాక్టరు వచ్చే వేళ పదిన్నర అని అక్క చెప్పింది. అది కూడా రాసుకున్నాను. అప్పటికి నాకిందులో వింతేమీ తోచలేదు. జబ్బులో ఉన్న మనిషికి చేసిన పని గుర్తుకు రావడం సహజమే.

బావ 24న పోయాడు. ఆ లెక్క తర్వాత ఆయన నోట మరో మాట రాలేదు.

ఫోను ఇంటర్వ్యూలో నెగ్గినట్టు కర్మకాండ జరుగుతుండగా తెలిసింది. సెప్టెంబరు 11న హైదరాబాదులో ఆఖరి విడత. దమయంతిని నేనే తీసుకెళ్లాను. ఏడెనిమిది మంది అభ్యర్థులు చల్లటి హాల్లో ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బయటికి వచ్చిన ఒక కుర్రాడు, "మార్కులు చూడడం లేదండీ, ఒక్కో మాటా పట్టుకుని లాగుతున్నారు," అని కాలరు సవరించుకుంటూ వెళ్లిపోయాడు. దమయంతి లోపలికి వెళ్లిన పావుగంటకు ఒకాయన తలుపు తీసి, ఆ అమ్మాయితో వచ్చినవారు ఎవరని అడిగాడు. అభ్యర్థి బంధువును లోపలికి పిలవడం నేను ఎక్కడా వినలేదు.

లోపల ఇద్దరున్నారు. ఆ రోజు ఫోనులో మాట్లాడినాయన ఉత్తరాది మనిషి, అంకెలు తప్ప తెలుగు రాదు. మర్యాదగానే అడిగాడు గానీ చూపు మెత్తగా లేదు. ప్రశ్న వేశాక అమ్మాయి మాట్లాడలేదనీ, ఆ సమయంలో ఆమె పక్కన ఒక మగమనిషి గొంతు వినిపించిందనీ, అవి అంకెలనీ అన్నాడు. అందించినది మీరేనా అని సూటిగా అడిగాడు. ఎవరైనా అందించారని తేలితే ఉద్యోగం ఇవ్వడం కుదరదన్నాడు. మామూలుగా అయితే అర నిమిషం చూసి తరవాతి ప్రశ్నకు వెళ్లిపోయేవాణ్ననీ, ఎవరో లెక్కపెడుతుంటే మధ్యలో అడ్డుపడడానికి మనసొప్పక ఆగాననీ కూడా చెప్పాడు.

ఇంట్లో మూడో మనిషి లేడన్నాను. అయితే తెలుగులో ఒకసారి లెక్కపెట్టమన్నాడు. ఒకటి, రెండు, మూడు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. గొంతూ ఇది కాదు, మొదటి మాటా ఇది కాదన్నాడు. ఆ మాట తమ భాషలోనూ ఉంది కాబట్టి గుర్తుండిపోయిందంటూ, తను విన్నట్టుగా పలికి చూపించాడు.

కింద మొదలై, సాగి, చివర పైకి లేచిన 'లాభం'. యాస ఆయనది. ఆ ఎత్తూ ఆ సాగదీతా మా బావవి.

దమయంతి బల్ల అంచు పట్టుకుంది. నా నోటిదాకా ఒక జవాబు వచ్చింది. మా ఇంటి వెనక కొబ్బరి డిపో ఉందనీ, అక్కడెవరో లెక్కపెడుతున్నారనీ చెబితే చాలు. ఎవరూ సోంపేట వచ్చి చూడరు. నేను పెదవి విప్పేలోగా పిల్ల అందుకుంది. ఇంగ్లీషులో, నెమ్మదిగా, ఒక్కో వాక్యం పూర్తిచేస్తూ చెప్పింది. అలా లెక్కపెట్టేది మా నాన్న. కానీ ఆయన నా పక్కన లేరు. విశాఖపట్నంలో ఆసుపత్రిలో ఉన్నారు, మాట పడిపోయింది. మూడు రోజులకు పోయారు. మీకు ఎలా వినిపించిందో నాకు తెలియదు.

ఫోనులో మాట్లాడినాయన, లెక్క ఎలా పూర్తవుతుందని అడిగాడు. జతల సంగతి, యాభై సంగతి, చివర విడిగా పెట్టే కాయ సంగతి దమయంతి చెప్పింది. ఆయన కలం కింద పెట్టాడు. అంకెలు ఆగిపోయాక, బరువైనదేదో నేల మీద పెట్టిన చప్పుడు వినిపించిందనీ, అదేమిటో ఇన్నాళ్లూ తనకు తెలియలేదనీ అన్నాడు.

మమ్మల్ని పంపించేశారు. మెట్లు దిగుతూ పిల్ల ఆగింది.

"ఉన్నదున్నట్టు సెప్పీసినాను మావయ్యా."

"సెప్పినావు."

"ఉజ్జోగం పోయినట్టేనా?"

"పోతే పోనీలేమ్మా," అన్నాను.

సెప్టెంబరు 27, సోమవారం. అదే ఫోను మోగింది. దమయంతిని తీసుకున్నారు. ఆ గొంతు ప్రస్తావన వాళ్లు మళ్లీ తేలేదు.

ఇక కారణాల విషయం. మొదట క్రాస్‌టాక్ అనుకున్నాను. ఆ రోజుల్లో ఒకరి ఫోనులో మరొకరి మాటలు చొరబడడం మామూలే. సోంపేటలో ఏ డిపోలోనో లెక్కపెడుతున్న గొంతు మా లైనులో కలిసి ఉండవచ్చు. టెలిఫోను లైన్‌మేన్‌ను పిలిచి అడిగాను. "క్రాస్‌టాకయితే పాపకీ ఇనబడాల గదా బావూ. ఇక్కడ సెవిలో ఎట్టుకున్న పిల్లకి ఇనబడకుండా అక్కడోడికెలగ ఇనబడతాది?" అన్నాడు. ఆ మాట కూడా డైరీలో రాసుకున్నాను.

అక్క నాకు లెక్క సంగతి చెప్పింది ఆగస్టు 21న. హైదరాబాదు ఆయన చెప్పింది సెప్టెంబరు 11న. ఆయనకు మా అక్క ఎవరో తెలియదు, మా అక్కకు ఆయన ఉన్నట్టే తెలియదు. ఆసుపత్రి వేళలో పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ ఉండవచ్చునని ఒప్పుకుంటాను. వేళలో తేడా ఉన్నా ఆ చప్పుడు ఏమిటో తేలదు. వార్డులో బావ చెయ్యి చాపాడు గానీ, ఆ చేతిలో కాయ లేదు.

ఇది జరిగి ఐదేళ్లయింది. ఏటా డిసెంబరు చివర పోయినవీ ఉన్నవీ రాసుకోవడం నా అలవాటు. 2004 పేజీలో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

పోయినవి: బైరాగి బావ. ఆసుపత్రి కోసం అమ్మిన తూర్పువైపు తోట. తండ్రి గొంతు చివరిసారి వినే అవకాశం దమయంతికి. అది ముక్కూ మొహం తెలియని ఒక పెద్దమనిషికి దక్కింది.

ఉన్నవి: లాభం, దమయంతి ఉద్యోగం. రెండు, మిగిలిన తోట. మూడు, దాన్ని చూసుకుంటూ అక్క.

నూటికి గుర్తుగా పక్కన పెట్టిన కాయ ఒకటి. ఎటు రాయాలో తెలియక దాన్ని రెండు వరుసలకూ మధ్యలో రాశాను. ఇప్పటికీ అక్కడే ఉంది.