బూట్లు లాగే చెయ్యి

చేపల షెడ్డులో పొద్దస్తమానం ఉప్పునీళ్లలో నిలబడే ఆడవాళ్లకు సాయంత్రానికి పాదాలు పొంగి, రబ్బరు బూట్లలో బిరడాల్లా బిగుసుకుపోతాయి. ఎవరి బూట్లు వాళ్లు విప్పుకోలేరు. చిన్నకోడలి బూట్లు తోటికోడలు లాగుతుంది, తోటికోడలివి ఈమె లాగుతుంది. తొమ్మిదేళ్లుగా అదే వరస. ఆ తర్వాత చిన్నకోడలు ఒక్కతే రేవు పక్క రాళ్ల మీదికి పోయి, వట్టికాళ్లు నీళ్లలో వేలాడేసుకుని కూర్చుంటుంది. ఆ చల్లదనం మడమల నుంచి నడినెత్తికి ఎక్కేదాకా కదలదు. రోజు మొత్తానికి దేవుడు తన పేర రాసిన సుఖం అదొక్కటే అనుకుని, అదైనా ఇచ్చినందుకు దండం పెట్టుకుంటుంది.

ఆవేళ మాత్రం బూట్లతోనే వెళ్లింది. మధ్యాహ్నం అందరి ముందూ తోటికోడలు, "దీని చేతిలో చేప రెండుసార్లు చస్తుందమ్మా! వలలో ఒకసారి, దీని కత్తి కింద ఒకసారి" అంది. షెడ్డంతా గొల్లుమంది. పని కాగానే కాళ్లు చాపమని తోటికోడలు పిలిచినా, చిన్నకోడలు విననట్టే వచ్చేసింది.

కోపంలో కాలు ఎక్కడ వేస్తోందో చూసుకోలేదు. పాకుడు రాయి మీద జారి, కుడికాలు రెండు బండల సందులో దిగబడింది. లాగింది. బూటు రాలేదు. బూట్లోంచి కాలైనా రాలేదు. అది పోటు వేళ. నీళ్లు పిక్క దాటాయి. అరిచింది; అలల హోరు ఆ కేకను మింగేసింది. ఇంకో అల మోకాలు ముంచింది, మరొకటి నడుము తాకింది.

"తండ్రీ, నేను పంతానికి వచ్చాను. ఆమెను పంతం పట్టనీకు" అని మొక్కుకుంది.

అంతలో రాళ్ల మీద బూట్ల చప్పుడు.

"ఏమే! నా బూట్లు మీ బావగారొచ్చి లాగుతారా?" అంటూ వచ్చిన తోటికోడలు, నీళ్లలో ఆమెను చూసి, "ఓరి దేవుడా!" అని దూకింది. చంకల కింద చేతులేసి లాగింది. కదల్లేదు. తొందరలో కడగకుండానే పట్టుకొచ్చిన చేపల కత్తి ఇంకా ఆమె నడుముకే ఉంది. తీసింది గానీ, నీళ్లలో కనిపించని కాలి మీద పెట్టలేక ఆగింది.

"ఇటివ్వక్కా. నువ్వు నన్ను పట్టుకో."

"కాలు కోసుకుంటావే!"

"రెండుసార్లు చావడానికి నేనేం చేపనా?"

చిన్నకోడలు కత్తి అందుకుని, ఊపిరి బిగబట్టి నీళ్లలో మునిగింది. తడుముకుని, బూటు అంచులో కత్తి దూర్చి, చీలమండ దాకా ఒక్క కోత కోసింది. కాలు వచ్చేసింది. ఇద్దరూ వెల్లకిలా రాయి మీద పడ్డారు.

తోటికోడలు ఆ పిక్కను అటూ ఇటూ తిప్పి చూసి, "గీతైనా పడలేదే" అని ఏడ్చింది.

"నీ బూట్లు షెడ్డులో ఎవరూ లాగలేదా?"

"లాగుతామన్నారు. నేనే వద్దన్నా. నా మడమ సంగతి వాళ్లకేం తెలుసు?"

చిన్నకోడలు వెనక్కి తిరిగి, ఆమె మడమను మోకాళ్ల మధ్య ఇరికించుకుని లాగింది. ఒకటి ఊడింది. రెండోదీ ఊడింది. తర్వాత చిన్నకోడలికి మిగిలిన ఒక్క బూటు తోటికోడలు లాగింది. అలలు అందీ అందని పై రాయి మీద ఇద్దరూ కాళ్లు చాపారు. నురగ వచ్చి వేళ్ల మధ్య పాకింది.

"అబ్బ! ఇంత హాయా? తొమ్మిదేళ్లుగా నాకు చెప్పలేదేం?"

"నువ్వెప్పుడడిగావ్?"