సీలు వేసిన సిఫార్సు కవరు

మా ముత్తాతగారు ఈ గోదావరి పాయల నడుమ ఊళ్ళలో సువార్త చెప్పిన మొదటి ఉపదేశి. దొరల గుర్రం వెనక నడిచినవారు కారు, పక్కన నడిచినవారు. మా తాతగారు బెంగుళూరు వెళ్ళి వేదాంతంలో పట్టా పుచ్చుకుని వచ్చి, కొత్తపేట దగ్గర మా ఊరి చర్చికి కన్నుమూసేదాకా పాదిరిగా ఉన్నారు. మా నాన్నగారు ఆ సంఘానికే కార్యదర్శి. ఆరాధనలో ముందు బల్ల మాది, మేం వచ్చి కూర్చుంటే గాని రెండో గంట కొట్టేవారు కారు. ఎవరైనా అడిగితే తప్ప ఈ సంగతులు చెప్పుకునే అలవాటు నాకు లేదు. ఈమధ్య ఒక దరఖాస్తు అడిగింది.

మా తమ్ముడి మనవరాలు డిగ్రీ పూర్తి చేసి వేదాంత కళాశాలలో పైచదువుకి వెళతానని, ఆ దరఖాస్తేదో ఫోనులోనే నింపుతూ నా పక్కన కూర్చుంది. "తాతయ్యగారూ, మన కుటుంబంలో ఎవరైనా సంఘసేవలో ఉన్నారా అని అడుగుతున్నారండీ. రెండు వందల అక్షరాలు దాటకూడదంట" అంది. మూడు తరాలకు రెండు వందల అక్షరాలు. నేను చెబుతూ పోయాను, తను కత్తిరిస్తూ పోయింది, ముత్తాతగారు చివరికి అరవాక్యం అయ్యారు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది. మీ గురించి ముగ్గురు పెద్దలు మాకు ఉత్తరాలు పంపుతారు, వాటిని ఎప్పటికీ చూడనని ఒప్పుకుంటారా అని. ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించకుండా వేలితో తాకి ఒప్పేసుకుంది.

రాసేవారెవరని అడిగాను. ఒకరు కాలేజీ ప్రిన్సిపాలుగారు, ఒకరు వాళ్ళ పాస్టరుగారు, మూడో ఆవిడ యువజన సభల్లో రెండుసార్లు కలిసిన ఆవిడట. రెండుసార్లు కలిసిన మనిషి ఏం రాస్తుందో చూసుకోవద్దా అన్నాను.

"చూడకూడదు కదండీ. అయినా చెడ్డగా ఎందుకు రాస్తారండీ తాతయ్యగారూ?"

ఆ ప్రశ్నకి నా దగ్గర చాలా జవాబులున్నాయి. అవన్నీ ఇరవై ఒకటో ఏటనే ఒక శని ఆదివారాల్లో కూడబెట్టుకున్నాను. నా వయసువారికి ఆ రోజుల దరఖాస్తులు ఎలా ఉండేవో గుర్తుండే ఉంటుంది, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

నేను బి.ఏ. పూర్తి చేసేనాటికి మా ఇంటికి మిగిలింది పేరే. చేలు తాతగారి తర్వాత ఒక్కొక్క చెక్కా చేతులు మారాయి, వీధి అరుగు ఒక పక్కకి కుంగింది, అయినా నేను గంజి పెట్టని చొక్కా వేసుకుని వీధిలోకి వచ్చిన రోజు లేదు. మేము తిరిగి లేవాలంటే ఒకటే దారి కనిపించేది. నేను బి.డి., అంటే వేదాంతంలో పట్టా, చదవాలి, మా తాతగారు నిలబడిన ప్రసంగపీఠం మీద నిలబడాలి. మా నాన్నగారు నోరు తెరిచి అడగలేదు గాని, తెల్లవారి ప్రార్థనలో ఆ మాట రాకుండా ఉండేది కాదు. చిక్కల్లా ఏమిటంటే మిషను వారు ఒక్కో పాస్టరేటు నుంచి, అంటే ఒక పాస్టరుగారి కింద ఉండే ఊళ్ళన్నిటి నుంచి, ఏడాదికి ఒక్కరినే పంపేవారు.

దరఖాస్తు ఫారంతో పాటు బాప్తిస్మం నకలు, డాక్టరుగారి పత్రం, నన్ను దేవుడు ఎలా పిలిచాడో రెండు పేజీల సాక్ష్యం కావాలి. అవన్నీ నా చేతిలో పనులు. నా చేతిలో లేనిది ఒక్కటే, పాస్టరుగారి రహస్య సిఫార్సు. దాన్ని ఆయన స్వయంగా రాసి, కవరు అంటించి, అతుకు మీద సంతకం చేసి, లక్క కరగపోసి సంఘం ముద్ర వేసి ఇచ్చేవారు. ఆ కవరుని అభ్యర్థే చేత్తో పట్టుకుని రాజోలులోని మిషను ఆఫీసుకి తీసుకెళ్ళి అప్పగించాలి. తన మంచిచెడ్డలు తన సంచిలోనే ఉంటాయి, తను చూడకూడదు. అదీ పరీక్షలో భాగమేనని మిషను వారు ఎన్నడూ అనలేదు గాని, ఇప్పుడు నాకు అలాగే తోస్తుంది.

అప్పటి పాస్టరుగారి తండ్రి మా తాతగారి కాలంలో చర్చి గంట కొట్టేవాడు. మా వాకిట్లో నిలబడి మాట్లాడేవాడే గాని కూర్చోగా చూసినవారు లేరు. ఆ మనిషి కొడుకు చదువుకుని, పాస్టరై, మా తాతగారి కుర్చీలో కూర్చున్నాడు. నన్ను మాత్రం ఎప్పుడూ "బాబుగారూ" అనే పిలిచేవారు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో నాకు తెలిసేది కాదు. పైగా ఆయన మేనల్లుడు కూడా ఆ ఏడే బి.ఏ. పూర్తి చేశాడు. చేపల బుట్టకి పిల్లిని కాపలా పెట్టినట్టుందని మా అమ్మ అననే అంది.

శనివారం మధ్యాహ్నం వెళ్ళాను. పాస్టరుగారు లోపల బల్ల దగ్గర ఉన్నారు, నన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. మా ఇంటివాళ్ళు ఆ ఇంట్లో బయట బెంచీ మీద కూర్చోవడం అదే మొదలు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఒక కాగితం రాశారు, చదువుకున్నారు, ఉండ చుట్టి పారేశారు. మళ్ళీ రాశారు. ఒక మనిషి మంచివాడని రాయడానికి చిత్తుప్రతి ఎందుకు? తర్వాత రెండో కాగితం తీశారు. మంచి చెప్పడానికి ఒక కాగితం చాలు, రెండో కాగితం కావలసింది చాడీకే అని అప్పుడు నిశ్చయంగా అనుకున్నాను. చివరికి లక్క కరిగించి ముద్ర ఒత్తి, కవరు నా చేతికిస్తూ నవ్వారు.

"తడవకుండా చూసుకోండి బాబుగారూ. రేవు దాటాలి కదా."

"ఆయ్" అన్నాను. నవ్వు ఎందుకన్నది ఇంటిదాకా ఆలోచిస్తూ నడిచాను.

ఇంటికి రాగానే మా అమ్మ కవరుని అరచేతిలో పెట్టుకుని బరువు చూసింది. "మంచికి ఇంత బరువుంటుందంటావేంట్రా?" అంది. మా నాన్నగారు పడకకుర్చీలోంచి లేవకుండానే, "అది మనది కాదు. అవతల పెట్టు" అన్నారు. ఆ రెండు మాటలతో ఊరుకున్నారు. ఎందుకంత తొందరగా ఊరుకున్నారా అని ఆయన్ని కూడా అనుమానించాను. కార్యదర్శిగా ఆయనకి ముందే తెలుసునేమో, నా మీద వచ్చిన ఫిర్యాదేదో దాస్తున్నారేమో అనిపించింది. అనుమానం అలాంటిది, పొలంలో నీటి బోదె తెగినట్టు ఒక గట్టు దాటితే ఇక అన్ని మడుల్లోకీ పోతుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇంట్లోవాళ్ళు ఒక గృహప్రవేశం ప్రార్థనకి వెళ్ళారు. నేను తలనొప్పి అని ఉండిపోయాను. నీళ్ళ గిన్నె పొయ్యి మీద పెట్టి, ఆ ఆవిరికి కవరు అతుకు పట్టాను. అతుకు మెత్తగా ఊడింది. లక్క మాత్రం చాకు తగలగానే పొడిపొడిగా రాలింది. భయమేసి, ఆ ముక్కల మీద ఏ అక్షరాలున్నాయో కూడా చూడకుండా పొయ్యిలో వేసేశాను.

కాగితాలు రెండూ చక్కని ఇంగ్లీషులో, గుండ్రని దస్తూరీలో ఉన్నాయి. మొదటిదాంట్లో నా చదువు, నా నడవడి, సండేస్కూల్లో నేను పాఠాలు చెప్పిన తీరు. నేను మరిచిపోయినవి కూడా ఆయన గుర్తు పెట్టుకుని రాశారు. రెండోదాంట్లో తన మేనల్లుడు కూడా సిఫార్సు అడిగాడనీ, ఒక ఏడు ఆగమని తానే చెప్పాననీ, తన తండ్రికి అక్షరాలు దిద్దించిన ఇంటినుంచి మళ్ళీ ఒకరు ప్రసంగపీఠం ఎక్కగా చూడాలని తన కోరిక అనీ ఉంది. ఆ కిందనే ఒక వాక్యం, అబ్బాయికి అభిమానం కాస్త ఎక్కువ, సేవలో అదే అరుగుతుంది అని. మిగతా పేజీ అంతా ఒకసారి చదివి, ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను.

సిగ్గుపడ్డానా అంటే పడ్డాను. కానీ అప్పటికి సిగ్గుకంటే తొందర ఎక్కువగా ఉంది. అన్నం మెతుకులతో అతుకు అంటించాను, సంతకం గీతలు ఒకదానికొకటి అతికినట్టే వచ్చాయి. ఇక లక్క. తాతగారి రాతబల్ల సొరుగులో లక్క కడ్డీ ఉంది, సంఘం ముద్ర కూడా ఉంది, కర్రపిడి ఇత్తడి ముద్ర. మా చిన్నప్పుడు దాన్ని మసిలో అద్ది ఆడుకునేవాళ్ళం. చర్చి ముద్ర అంటే మా సొరుగులో ఉన్నదే అని పుట్టిన దగ్గర్నుంచీ అనుకుంటున్నవాణ్ణి, ఇంకోటి ఉంటుందన్న ఆలోచనే రాలేదు. లక్క పోసి ఒత్తాను. పాస్టరుగారు వేసినదానికంటే శుభ్రంగా వచ్చిందని సంతోషించాను కూడా.

సోమవారం పొద్దున్నే బస్సెక్కి అమలాపురం, అక్కడినుంచి ఇంకో బస్సులో బోడసకుర్రు రేవు, పంటు మీద వైనతేయ పాయ దాటి అవతల మళ్ళీ బస్సు. కవరు చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకున్నాను, తడవలేదు. ఆఫీసులో హెడ్ గుమాస్తాగారు ముసలాయన. కవరు అందుకుని, కళ్ళజోడు పైకెత్తి, ముద్ర మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా తడిమి, లేచి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి నన్ను పిలిచారు. లోపల మిషను అధ్యక్షులవారు కూర్చోమన్నారు, కాఫీ తెప్పించారు. ఆ మర్యాద చూసి, మా తాతగారి పేరు గుర్తొచ్చి ఉంటుందనుకున్నాను.

"ఈ ముద్ర ఎక్కడిదండీ?" అన్నారు.

"మా ఊరి సంఘానిదండి."

"మీ ఊరి సంఘం ముద్ర నాకు తెలుసండి. వారం వారం చూస్తాను. ఇది పాత మిషను ముద్ర. మిషన్లన్నీ కలిసిపోయిన ఏడు పాతవన్నీ తిరిగిచ్చేసేరు, మీ ఊరిదొక్కటీ రాలేదు. పోయిందని రాసేరు అప్పట్లో."

మిషన్లు కలిశాయని నాకు తెలుసు, సంఘం పేరు మారిందని తెలుసు. ముద్ర మారి ఉంటుందని తట్టలేదు. పోయిందని రాసింది ఎవరో ఆయన చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. అప్పటి పాదిరి మా తాతగారే. నేను లేచి నిలబడి, "పోలేదండి. మా ఇంట్లోనే ఉంది. మా తాతగారిది" అన్నాను.

"తాతగారిది కాదు బాబూ. సంఘానిది" అన్నారాయన, చాలా మెత్తగా.

నన్ను తిట్టలేదు. కవరు నా చేతికిచ్చి, వచ్చే సోమవారం వరకూ గడువుందనీ, పాస్టరుగారితో నిజం చెప్పి ఇంకో ఉత్తరం తెచ్చుకోమనీ, ముద్ర కూడా తెచ్చి అప్పగించమనీ చెప్పారు. గుమాస్తాగారు గుమ్మం దాకా వచ్చి, "వెళ్ళి అడగండి బాబూ, ఆయన రాస్తారు" అన్నాడు. అతనికి అంత నమ్మకం ఎందుకో అని దారంతా అదే అనుమానం. ఆయనా పాస్టరుగారూ ముందే మాట్లాడుకున్నారా? పాత ముద్ర మా ఇంట్లో ఉందని గంట కొట్టినాయన కొడుక్కి తెలియకుండా ఉంటుందా? తెలిసే, రెండు కాగితాలు పెట్టి, నా ముందే ఉండ చుట్టి, నవ్వి ఇచ్చాడా? మా రక్తం ఎలాంటిదో ఆయనకి తెలుసు కదా.

ఇంట్లో జరిగినదంతా చెప్పాను. ముద్రని మా నాన్నగారు మర్నాడే రాజోలు తీసుకెళ్ళి అప్పగించి వచ్చారు. వచ్చి కాళ్ళు కడుక్కుని, పాస్టరుగారి దగ్గరికి వెళ్ళు అని ఒక్కసారే అన్నారు. నేను వెళ్ళలేదు. సంగతి ఎవరు చెప్పారో గాని, బుధవారం పాస్టరుగారే సైకిలు మీద మా ఇంటికి వచ్చారు. మా అమ్మ ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, నేను అమలాపురం వెళ్ళానని చెప్పింది. నేను తలుపు వెనక ఉన్నాను.

"ఫరవాలేదండి. ఉత్తరం ఇంకోటి రాసి తెచ్చేను. బాబుగారు వచ్చి తీసుకుంటే చాలండి, చేతికే ఇవ్వాలి కదా. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను."

శుక్రవారం మళ్ళీ వచ్చారు. ఈసారి అమ్మ నా గది వైపు చూసింది. నా ఓటమి ముఖం చూడటానికే వచ్చాడనుకుని నేను గడియ తీయలేదు. ఆయన చాలాసేపు కూర్చుని, మజ్జిగ పుచ్చుకుని వెళ్ళిపోయారు. సోమవారం గడిచిపోయింది. ఆ ఏడు మా పాస్టరేటు నుంచి ఎవరూ వెళ్ళలేదు. మేనల్లుడికి ఆగమని చెప్పిన మాట నిజమే, ఆ అబ్బాయి మరుసటి ఏడు వెళ్ళాడు, తర్వాత చాలాకాలం మా చర్చిలోనే ప్రసంగించాడు. నేను ముందు బల్ల మీద కూర్చుని విన్నాను. బాగానే చెప్పేవాడు.

నాకు రెవెన్యూ ఆఫీసులో టపా విభాగంలో ఉద్యోగం వచ్చింది. రోజూ వచ్చే కవర్లు చించి, నంబరు వేసి, ఎవరివి వారికి పంపడం నా పని. నా గురించి రాసినది ఒక్కటీ అందులో లేదు. పాస్టరుగారు నిజంగా మంచి మనసుతో రాశారా, నేను విప్పుతానని తెలిసి రాశారా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మొదటిదే నిజమని మా నాన్నగారు నమ్మారు. నేను పూర్తిగా నమ్మితే ఇన్నేళ్ళు ఏమైనట్టు?

ఇప్పుడు లక్క లేదు, రేవు దాటక్కర్లేదు, వైనతేయ మీద వంతెన వచ్చింది. ఉత్తరం ఎవరు రాసినా గాలిలోనే పోయి చేరుతుంది, పిల్ల చేతిలో దాని బరువు తెలియదు. మా రోజుల్లో అనుమానించడానికి కూడా చేతికొక వస్తువు దొరికేది. ఈ పిల్లలు చూడకుండానే ఒప్పుకుంటున్నారు. దీన్ని నమ్మకం అనాలో నిర్లక్ష్యం అనాలో నాకు తెలియడం లేదు గాని, మనవరాలికి సీటు వచ్చింది. జూన్‌లో వెళుతుంది.

నిన్న ఫోను చేసి, మా తాతగారి గ్రీకు నిఘంటువు, వ్యాఖ్యాన గ్రంథాలు ఇంట్లో ఉన్నాయా, మొదటి ఏడు పనికొస్తాయి అని అడిగింది. లేవని చెప్పాను. మా నాన్నగారు కన్నుమూసిన ఏడాది, ఆ పుస్తకాలున్న టేకు బీరువాలు రెండూ రాజోలు ఫర్నిచరు వ్యాపారికి అమ్మేశాం. పుస్తకాలకి అతను వేరే ఏమీ ఇవ్వలేదు, బీరువాలతో పాటే తీసుకువెళ్ళాడు.