పాలకూర నీళ్లు

చిక్కడపల్లిలో బస్సెక్కితే, పక్క సీటావిడ ఒళ్లో పాలకూర కట్ట పెట్టుకుని ముదురు కాడలు తుంచుతోంది. ఎలా వండుతారని అడిగాను. ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, తాలింపు వేస్తానంది.

ఆకుకూరల్లో గుండెకు మేలు చేసే పదార్థాల గురించి ఎవరు దొరికితే వాళ్లకు చెప్పడం అప్పట్లో నాకు అలవాటు. నారాయణగూడ దాకా చెబుతూనే ఉన్నాను. ముందు సీటు వాళ్లూ వినాలని గొంతు పెంచాను.

"అసలు సారమంత ఆ నీళ్లల్లనే ఉంటది అక్కా! ఇప్పుడు పారబోస్తే ముసలితనంల పరేషాన్ అయితరు."

ఆమె ఓపికగా వింది.

"నాకు గుడ ఆ నీళ్లు పోసి పప్పు జేసుకుంటేనే ఇష్టముండె చెల్లె. కిడ్నీలు ఖరాబైనయ్. డయాలసిస్ నడుస్తుంది. కూర తినాలంటే నీళ్లు పారబొయ్యాలని డాక్టరే చెప్పిండు."

ముందు సీటు వాళ్లు వెనక్కి తిరిగి ఆమెను చూశారు. వాళ్లను వినమన్నది నేనే.

అంబర్‌పేట్‌లో దిగుతూ ఆమె నా భుజం తట్టింది. "నువ్వైతే పారబొయ్యకు చెల్లె."

పారబోయడం లేదు. కానీ ఆ నీళ్లు గ్లాసులో పోసుకున్నప్పుడల్లా, వెనక్కి తిరిగిన ఆ ముఖాలే కనిపిస్తాయి.