కొయ్యతుమ్మెద

మొన్న జమ్మలమడుగులో ఒక కోతమిల్లు ముందునుంచి నడిచిపోతుంటే, పాత వేపదూలాన్ని రంపం కోస్తున్న వాసన చేదుగా, పొడిగా ముక్కుకు తగిలింది. అక్కడే నిలబడిపోయాను.

మేం పెరిగింది పులివెందుల దారిలో ఒక పల్లెలో, వేపదూలాల మీద దంతెకర్రలు పరిచి మట్టి కప్పిన మిద్దెలో. ఉగాది దగ్గర పడి, వీధిలో కానుగలు పూతకొచ్చి, అమ్మ ఓళిగలకు పూర్ణం రుబ్బుతుంటే ఇల్లంతా బెల్లం, ఏలకుల వాసన నిండే రోజుల్లో, నల్లటి కొయ్యతుమ్మెదలు నీలిరెక్కలు మెరిపిస్తూ లోపలికొచ్చి, దూలానికి వేలు పట్టేంత గుండ్రటి తూట్లు తొలిచేవి.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. ఆమెకు ఉబ్బసం. మేమంతా వీధిలో పరుగులు తీస్తుంటే, అక్క ఆ దూలం కింద నులకమంచం మీద దిండ్లకు ఆనుకుని, ఒక్కతే గచ్చకాయలు ఎగరేసుకుంటూ తుమ్మెదల రాకపోకలు చూసేది. ఒకదానికి నల్లమ్మ అని పేరు కూడా పెట్టుకుంది.

"పూలకాడికి పోయొచ్చింది సూడు, ఈపంతా పసుపే" అని నాకు చూపించేది.

తుమ్మెదలు తొలిచిన పొట్టు ఆమె పక్క మీదే రాలేది. దుమ్ము తగలకూడదని ప్రొద్దుటూరులో డాక్టరు చెప్పాడు. గాలి ఆడే చోటు ఇంట్లో అదొక్కటే, మంచం జరపడానికి లేదు. నాయన వేపాకు పొగ పెట్టాడు. తుమ్మెదలు పోలేదు, అక్కకే ఆయాసం ఎక్కువైంది. ఒక మధ్యాహ్నం ఆయన నిచ్చెన వేసుకుని, బంకమట్టిలో కిరసనాయిలు కలిపి తూట్లు పూడ్చసాగాడు.

"నాయనా, నల్లమ్మ లోపలుండాది. మూయొద్దు" అంది అక్క.

"నీ కోసరమే గదమ్మా చేస్తాండేది."

"దానికి ఊపిరాడదు నాయనా. ఊపిరాడకపోతే ఎట్లుంటాదో నాకు తెలుసు."

నాయన చెయ్యి ఆగింది. తర్వాత మట్టి అదిమాడు.

పొద్దు గూకేదాకా దూలంలోంచి సన్నగా రొద వినపడుతూనే ఉంది. అక్క అన్నం ముట్టలేదు. మర్నాడు తెల్లవారగానే నాయన నిచ్చెనెక్కి, కొడవలి మొనతో మట్టి పెళ్లగించాడు. రెక్కలు చిరిగిన తుమ్మెద ఆయన అరచేతిలోకి రాలింది. పిడికిలి మూసుకుని, "ఎగిరిపోయిందిలేమ్మా" అన్నాడు. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత అడిగినదానికి జవాబు చెప్పడమే తప్ప, తనంతట తాను ఆయనను పలకరించలేదు.

ఆ వానాకాలమే, ప్రొద్దుటూరు బస్సులో, నాయన ఒళ్లోనే అక్క పోయింది. కిటికీలు తెరవమని ఆయన అందరికీ దండం పెట్టాడట. జల్లు మీద కొడుతున్నా అందరూ తెరిచారట.

నాయన మళ్లీ ఏ తూటూ పూడ్చలేదు. పోయే ముందు మంచంలో ఉండి నన్ను ఒకటే అడిగాడు.

"నేను అబద్ధం చెప్పినానని మీ యక్కకు తెలిసిందంటావా?"

"లేదు నాయనా" అన్నాను.

ఇప్పుడు ఆ మిద్దె లేదు, సిమెంటు ఇల్లు కట్టుకున్నాం. రోడ్డు వెడల్పులో కానుగలు పోయాయి. తుమ్మెదలు ఇటు రావు. అక్క అన్న మాటలన్నీ పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఆమె గొంతు ఎట్లుండేదో మాత్రం, ఎంత తలుచుకున్నా, గుర్తు రావడం లేదు.