పాముచెవుల మేస్త్రి

ఏసీల మేస్త్రికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎప్పుడో కరువయ్యారు. అందరికీ ఆయన పాముచెవుల మేస్త్రి. ఏసీ చల్లబడటం లేదంటే వచ్చి, రాగి గొట్టానికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, "ఇదిగో, ఇక్కడ బుస కొడుతోంది" అనేవాడు. చూస్తే గ్యాస్ సరిగ్గా అక్కడే కారుతూ ఉండేది. "గ్యాస్ అయిపోయింది, కాస్త నింపి వెళ్ళు" అని ఎవరైనా అంటే ఊరుకునేవాడు కాదు. "అయిపోవడానికి అదేమన్నా పంచదారా అమ్మా? ఎక్కడో పోతోంది. ఎక్కడన్నది నా చెవి చెబుతుంది" అనేవాడు. మిగతా మేస్త్రీలు సబ్బు నురగ పూసి, బుడగ ఎక్కడ లేస్తుందా అని వెతుక్కుంటుంటే ఈయనకు నవ్వొచ్చేది. సబ్బు ఉన్నది గిన్నెలు తోముకోవడానికని ఆయన ఉద్దేశం.

ఎడమ చెవి ఒక్కరోజులో పోలేదు. ముందు వంటింటి గడియారం టిక్కుమనడం మానేసింది. ఆగిపోయిందేమోనని వెళ్ళి చూస్తే ముల్లు శుభ్రంగా నడుస్తోంది. తర్వాత వాన చప్పుడు సగమైంది. వీధిలో బళ్ళు ఎటో దూరంగా, నిద్రలో పోతున్నట్టు పోయేవి. లోకానికి ఎడమ పక్కన ఎవరో మెత్తటి దుప్పటి కప్పినట్టు ఉండేది. చెప్పొద్దూ, కొన్నాళ్ళు ఆయనకు హాయిగానే ఉంది. ఆ తర్వాత భయం పట్టుకుంది. పాముచెవులకు చెవుడొచ్చిందని తెలిస్తే రేపటి నుంచి గుమ్మం తొక్కనిచ్చేదెవరు? అందుకని ఎవరి చెవినా వెయ్యలేదు. కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆవిడ కూడా పనికి బయల్దేరింది. "ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ ఎంతసేపు కూర్చోను? పద, నీ సంచి నేను మోస్తా" అంది. వద్దంటే వింటుందా? నిచ్చెన పట్టుకోవడం, స్పానర్లు అందించడం, కింద పడ్డ దుమ్ము ఊడ్వడం అన్నీ తనే చేసేది. తన చెవుడు కనిపెట్టడానికి వచ్చిందేమోనని మేస్త్రికి లోలోపల గుర్రుగా ఉండేది. ఆరు నెలలు గడిచినా ఆ అనుమానం తీరలేదు.

ఇలా ఉండగా, పసిపిల్లల్ని పగలంతా చూసుకునే ఒకావిడ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. తల్లులు ఉద్యోగాలకు పోతూ పిల్లల్ని ఆవిడ హాల్లో వదిలి వెళ్తారు. అక్కడి ఏసీకి కిందటి నెలే మేస్త్రి ఒక నట్టు బిగించి, మిగతా అతుకుల దగ్గర చెవి పెట్టి, ఏ బుసా లేదని తేల్చి గ్యాస్ నింపి వచ్చాడు.

"మళ్ళీ వేడి గాలే వస్తోంది మేస్త్రిగారూ. పిల్లలకి ఒళ్ళంతా చెమటకాయలు. ఇవాళ కూడా కాకపోతే వేరేవాళ్ళని పిలుస్తా, ఏమనుకోకండి."

చేసిన పనికే మళ్ళీ పిలిపించుకోవడం ఆయన జన్మలో అదే మొదలు. తల కొట్టేసినట్టయింది.

వాళ్ళు వెళ్ళేసరికి పిల్లలంతా మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. నీలం పరదాల్లోంచి వచ్చే వెలుగుకు హాలంతా చెరువు అడుగులా ఉంది. ఆ ఇంట్లో నిద్రవేళ అందరూ గుసగుసలే. మేస్త్రికి పిల్లల ఆవిడ పెదాలు కదలడం కనిపించింది, అంతే.

"గ్యాస్ వల్ల పిల్లలకేమీ కాదు కదా?" అని ఆవిడ అడిగింది.

పని ఇవాళ అవుతుందా అని అడిగిందనుకున్నాడు. "తప్పకుండా అవుతుందమ్మా!" అన్నాడు ధీమాగా.

ఆవిడ మొహం పాలిపోయింది. మేస్త్రి భార్య గబుక్కున ముందుకొచ్చింది. "పని అవుతుందంటున్నాడమ్మా. పిల్లలకి ఏ భయం లేదు. అయినా ఎందుకైనా మంచిది, వాళ్ళని ఆ గోడవైపు జరుపుదాం" అని పక్కబట్టలతో సహా ఒక్కొక్కరినీ మెల్లగా జరిపింది.

మేస్త్రి బాల్కనీలోకి వెళ్ళి, మిగిలిన కాస్త గ్యాసునూ ఖాళీ సిలిండర్లోకి లాగి, ఎక్కడ కారుతోందో తెలియడానికి గొట్టాల్లో నైట్రోజన్ ఎక్కించాడు. లోపలికొచ్చి నిచ్చెన ఎక్కాడు. ఏసీ పెట్టె హాలు మూలన ఉంది. దాని కుడి కొసకూ గోడకూ మధ్య తల పట్టేంత సందు. గొట్టాల అతుకు ఆ సందులోనే. తల దూర్చాడు. కుడి చెవి గోడకు రాసుకుంది, ఎడమ చెవి అతుకుకు ఆనింది.

ఎంత నిశ్శబ్దం! అందులో మెల్లగా మునిగిపోతున్నట్టుంది. కళ్ళు మూతలు పడ్డాయి. ఏ బుసా లేదు. చిన్నప్పుడు నీళ్ళలో ఊపిరి బిగబట్టి కూర్చున్నప్పటి నిశ్శబ్దం. అప్పుడు తట్టింది ఆయనకు. కిందటి నెల కూడా ఈ సందులో పెట్టింది ఈ చెవే.

తల బయటికి తీసి కిందికి చూశాడు. భార్య అప్పటికే కలిపి ఉంచిన సబ్బు నురగ గిన్నె, అందులో కుంచె, పైకి అందించింది.

మేస్త్రి తీసుకున్నాడు. అతుకు చుట్టూ నురగ పూసి ఎదురుచూశాడు. కింద పిల్లల పొట్టలు పైకి లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఆ ఊపిర్లు కూడా ఆయనకు వినపడవు. అంతలో నట్టు పక్క నుంచి ఒక బుడగ పుట్టింది. తొందర లేకుండా పెరిగింది. దానిలో కిటికీ, నీలం పరదా, వంకర తిరిగిన హాలు కనిపించాయి. చిట్లింది. అదే చోట ఇంకొకటి పుట్టింది. మేస్త్రికి ఏడుపొచ్చింది, దిగులుతోనో సంతోషంతోనో ఆయనకే తెలియలేదు.

నైట్రోజన్ వదిలేసి, పగిలిన గొట్టం కొసను కోసి, కొత్తగా అంచు వెడల్పు చేసి నట్టు బిగించాడు. మళ్ళీ నైట్రోజన్, మళ్ళీ నురగ. ఈసారి బుడగ లేదు. గొట్టాల్లో గాలీ తేమా మిగలకుండా లాగేసే పంపును బాల్కనీలో ఆన్ చేసి, అది నడుస్తోందో లేదో అరచేయి పెట్టి చూసుకున్నాడు. దాని పక్కనే మొగుడూ పెళ్ళాలిద్దరూ కూర్చున్నారు. భార్య ఆయన కుడి పక్కన కూర్చుంది. అప్పుడు గమనించాడు. బండి మీద ఆవిడ మాట్లాడేది కుడి భుజం మీదుగానే. అన్నం వడ్డించేది కుడి పక్క నుంచే. గోడ పక్కన ఉక్కపోస్తోందని మంచం మీద చోటు మార్చుకుందే, అదీ కుడి పక్కకే.

పంపు ఆపాక గేజి ముల్లు కదలకుండా నిలబడింది, అంటే ఇక ఎక్కడా కారడం లేదు. గ్యాస్ తూకం వేసి నింపాడు. హాల్లో చల్లగాలి మొదలైంది. నిద్రలోనే ఒక పాప దుప్పటి లాక్కుంది. పిల్లల ఆవిడ కళ్ళతోనే నవ్వింది. మేస్త్రి భార్య ఎన్నడూ లేనిది ఆయన ఎడమ పక్కకు వచ్చి నిలబడి, ఏదో గుసగుసలాడింది.

ఎప్పటిలా తలూపబోయాడు. ఆగాడు.

"వినపడలేదే. ఇటొచ్చి చెప్పు."

గట్టిగానే అనేశాడు. పిల్లల ఆవిడ తిరిగి చూసింది. ఒక బాబు కదిలి, మళ్ళీ పడుకున్నాడు.

భార్య కుడి పక్కకొచ్చి చెవి దగ్గర నోరు పెట్టింది.

"నేనేం చెప్పలేదయ్యా, ఉత్తినే పెదాలు కదిపా. ఆ మాట నీ నోట వినడానికే ఆరు నెలలుగా నీ సంచి మోస్తున్నా."