మగ్గం గుంతలో నీళ్ళు

ఆ రోజుల్లో నాకు రాని పని లేదు. చేసి చూసిన పని ఒక్కటీ లేదు కాబట్టి, రాదని తేలే అవకాశమూ రాలేదు. హిందూపురంలో డిప్లొమా చదువుతూ, పొద్దున రైలెక్కి సాయంత్రం ధర్మవరంలో దిగేవాణ్ణి. దారిపొడవునా ఫోన్లో వీడియోలు చూసేవాణ్ణి. గోడ కట్టడం, బోరు వేయడం, ట్రాక్టరు ఇంజను విప్పడం, అన్నీ పెనుకొండ దాటేలోపు నేర్చేసుకునేవాణ్ణి. (విప్పిన ఇంజనును మళ్ళీ బిగించే భాగం వచ్చేసరికి మా ఊరు వచ్చేసేది.) మెకానికల్ బ్రాంచి అంటే ఇంట్లో ఒక గౌరవం ఉంటుంది. ఫ్యాను తిరక్కపోయినా, గడియారం ఆగినా అందరూ మనవైపే చూస్తారు. మనం ఆ వస్తువును అటూ ఇటూ తిప్పి చూసి, "పార్టు దొరకదు" అంటే చాలు. అలా ఏ చీకూ చింతా లేకుండా సాగిపోతున్న నా చదువులోకి మా అవ్వ ఒక చెరువును తీసుకొచ్చింది.

చెరువంటే నిజం చెరువు కాదు. మా పెరట్లో ఒక కొట్టం, అందులో గుంత మగ్గం ఉండేవి. నేసేవాళ్ళు గట్టు మీద కూర్చుని, నేలలో తీసిన గుంతలోకి కాళ్ళు వదిలి, తొక్కుతూ నేస్తారు. అవ్వ కాపురానికి వచ్చినప్పటి నుంచి మోకాళ్ళు మొరాయించేదాకా ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని పట్టుచీరలు నేసింది. తర్వాత మా నాయన ముందరింట్లో గచ్చు మీద కొత్త మగ్గం వేసుకున్నాడు, పాతది విప్పేశారు. ఒక వానాకాలంలో కొట్టం కప్పు కూలిపోయి గుంతలో నీళ్ళు నిలిచాయి. ఇంకొకరైతే పాడుబడ్డ గుంత అనుకుని ఊరుకుంటారు. అవ్వ దాని చుట్టూ రాళ్ళు పేర్చింది, లోపల సిమెంటు పూయించింది, కలువ దుంప నాటింది, ఎవరో తెచ్చిచ్చిన చేపపిల్లల్ని వదిలింది. ఆపైన "మన చెరువు" అని పేరు పెట్టి వీధిలో ఆడవాళ్ళందరినీ పిలిచి చూపించింది. మా అవ్వకు అణకువ అనేది ఏ కోశానా లేదు. నాకు ఆమెలో బాగా నచ్చే గుణం అదే.

మా నాయనకు మాత్రం ఆ చెరువంటే ఒళ్ళుమంట. నిలవ నీళ్ళలో దోమలు పెరుగుతాయని మున్సిపాలిటీ వాళ్ళు చెప్పిపోయాక ఆయనకు మంచి సాకు దొరికింది. ఆదివారం ట్రాక్టరుతో మట్టి తోలించి గుంత పూడ్చేస్తానన్నాడు.

"నీళ్ళు నిలబడితే కదా దోమలు. పారితే యాడ పెరుగుతాయి?" అంది అవ్వ.

"గుంతలో నీళ్ళు యాడికి పారతాయమ్మా?"

"నా మనమడు ఇంజనీరు. వాడు పారిస్తాడు."

ఇంజనీరు అప్పుడు ఉగ్గాని తింటున్నాడు. నాయన నా వైపు చూసి, ఆ ఉగ్గాని వైపు చూసి, "సరే. ఆదివారం లోపల పారితే చూద్దాం. లేకుంటే మట్టే" అని మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాడు. అవ్వ నన్నేమీ అడగలేదు. వస్తుందా, రాదా అన్న అనుమానం కూడా ఆమె ముఖంలో లేదు. నన్ను జీవితంలో అంతగా నమ్మిన మనిషి అంతకు ముందు లేదు, ఇప్పటికీ ఇంకొకరు దొరకలేదు. అందుకే ఉగ్గాని అక్కడే వదిలేసి పెరట్లోకి నడిచాను.

ఉపాయం తేలికైనదే. అటక మీద పడి ఉన్న చిన్న మోటారును గుంతలో దించాలి. అది నీళ్ళను పైపులో పెరటికి అవతలున్న బట్టలుతికే బండ దాకా తోస్తుంది. అక్కడి నుంచి నీళ్ళు పూలమొక్కల మధ్య కాలువలో పారి మళ్ళీ గుంతలో పడతాయి. ఫోన్లో చూస్తే ఇదంతా పాట ఒకటి అయ్యేలోపు అయిపోతుంది. చిక్కల్లా పైపుల దగ్గరే వచ్చింది. అంత పొడుగు పైపు ఒక్కటీ లేదు. అయితే అవ్వ ఏ వస్తువునూ పారేసే మనిషి కాదు. మంచం కింద నుంచి స్నానాలగది కట్టినప్పుడు మిగిలిన తెల్ల పైపు తీసింది. చిలమత్తూరు మామ శనక్కాయ చేన్లో వాడి వదిలేసిన నల్ల పైపు తీసింది. మొక్కలకు నీళ్ళు పట్టే పచ్చ పైపు తీసింది. మూడూ ప్లాస్టిక్కే గానీ ఒకదానికొకటి చుట్టరికం లేదు. తెల్లది వంగదు, నల్లది చుట్ట విప్పితే మళ్ళీ చుట్టుకుంటుంది, పచ్చది తనకు తోచిన చోట మడతపడి నీళ్ళను ఆపేస్తుంది. ఒకదాని మూతి ఇంకోదానికి పట్టదు.

మరుసటి రోజు హిందూపురంలో ఒక పైపుల అంగడికి వెళ్ళి, అతికించే గమ్ము అడిగాను.

"ఏ పైపుకప్పా?" అన్నాడు అంగడాయన.

"ప్లాస్టిక్ పైపుకు."

"అన్నీ ప్లాస్టిక్కే కదప్పా. ఏ ప్లాస్టిక్కు?"

"మామూలుదే" అన్నాను, మెకానికల్ విద్యార్థికి తగిన గాంభీర్యంతో. ఆయన ఒక డబ్బా ఇచ్చి, "తెల్లదానికి ఇది బాగా పట్టుకుంటాది. నల్లదానికి మాత్రం పట్టదప్పా, దానికి వేరే సామాను ఉండాది" అన్నాడు. నాకు ఇంకో వస్తువు అంటగట్టాలని చూస్తున్నాడని ఇట్టే పసిగట్టేశాను. (ఆ వయసులో నేను ఇలాంటివి చాలా పసిగట్టేవాణ్ణి.)

శుక్రవారం సాయంత్రం నల్ల పైపు మూతికి డబ్బాలో సగం గమ్ము పూసి, తెల్లదానికి ఆనించి, గుడ్డ చుట్టి, ఆరాక లాగి చూశాను. ఊడలేదు. అంటే నేను గట్టిగా లాగలేదు. మోటారు వేశాను. గుంతలో గుర్రుమని చప్పుడైంది, పచ్చ పైపు ఉబ్బింది, నల్ల పైపు కదిలింది. అదే సమయానికి నాయన కాఫీ గ్లాసుతో వెనక వాకిట్లోకి వచ్చాడు. నల్ల పైపు తెల్లదాన్ని వదిలి పైకి లేచి, పెరడంతా ఒకసారి కలియజూసి, నాయన దగ్గర ఆగింది. నేను స్విచ్చి వెతుక్కునేలోపు ఆయన తల నుంచి పంచె అంచు దాకా తడిసిపోయాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ముఖం తుడుచుకుని, గ్లాసులోకి చూసి, "పారినాయి లేరా నీళ్ళు" అని లోపలికి వెళ్ళాడు. ట్రాక్టరాయనకు ఫోన్ చేసి ఆదివారం పొద్దునే రమ్మనడం మాకు బయటికి వినిపించింది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. అవ్వ మాత్రం నవ్వీ నవ్వీ బండ మీద కూలబడింది. తర్వాత ఆ ఊడిన మూతులు రెండూ చేతిలోకి తీసుకుని చూసి, "నువ్వు అంటించాలని చూస్తివి. అంటిస్తే ఊడిపోతాది. అతకల్ల" అంది. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతే కొత్త పడుగును దానికి పోగు పోగునా కలుపుతారు. వేళ్ళకు బూడిద అద్దుకుని, పాత పోగునూ కొత్త పోగునూ కలిపి మెలేస్తారు. వేల పోగులు, ఒక్కటీ ఊడదు. ఆ పనిలో తనంతటి మనిషి ధర్మవరంలో లేదని అవ్వ ఎప్పుడూ చెప్పేది. ఇప్పుడు పైపులకూ అదే చెప్పింది.

శనివారం పొద్దున పొయ్యి మీదికి పాత దేగిసా ఎక్కింది. ఒకప్పుడు ఇంట్లోనే పట్టు ఉడకేసిన దేగిసా అది. "గట్టి పట్టు సబ్బునీళ్ళలో ఉడికితే మెత్తబడతాది. ఇది మెత్తబడదా?" అని అవ్వ సబ్బు తురిమి వేసి, నల్ల పైపు మూతిని అందులో ముంచింది. లోకంలో పైపును సబ్బేసి వండిన మొదటి మనిషి ఆమే అయ్యుండాలి. మొదటిసారి ఉడుకు ఎక్కువై మూతి సొట్టపడిపోయింది. "ఇది ముదురు పైపు. తప్పు దానిదే" అని ఆ ముక్క కోయించేసింది. రెండోసారి సరిగ్గా సాగింది. నేను తెల్ల పైపు కొసను బండ మీద అరగదీసి ఇచ్చాను. సబ్బు జారుడుకు అది నల్లదాని లోపలికి మెత్తగా దూరింది. దాని మీద సైకిలు ట్యూబు రబ్బరు, రబ్బరు మీద చీర కోశాక మిగిలే పట్టు పడుగు కొసలు, వంకాయ రంగువీ చిలకాకుపచ్చవీ, మెలేసి మెలేసి చుట్టింది. మోటారు వేస్తే ఆ అతుకు దగ్గర ఒక్క చుక్క కారలేదు. వీడియోలు చూసి చూసి అలసిన నా కళ్ళకు ఆ ముసలి వేళ్ళు ఎంత అందంగా కనిపించాయో చెప్పలేను.

పచ్చ పైపు, మోటారు మూతి కలిసే చోట మాత్రం గెలవలేకపోయాం. ఎన్నిసార్లు చుట్టినా పక్క నుంచి నీళ్ళు చిమ్మాయి. మధ్యాహ్నం దాటినా అవ్వ అన్నానికి లేవలేదు. లోపల మగ్గం చప్పుడు ఆగింది. నాయన వచ్చి నిలబడ్డాడు.

"ఇడ్సిపెట్టమ్మా. ఏంటికి నీకీ యాతన" అన్నాడు. గుంతలోకి చూస్తూ, "వానొచ్చిన నాడల్లా నేను బడికి పోకుండా ఈ గుంతలో నీళ్ళు ఎత్తిపోస్తాంటి. పడుగు తడిసి నువ్వు ఏడుస్తాంటివి. ఈ గుంతలో నీళ్ళు కనపడితేనే నాకు ఆ తడిసిన పడుగే గుర్తొస్తాది. పూడ్చేస్తే సరిపోతాది" అన్నాడు.

దోమల సంగతి ఆయన ఎత్తలేదు. అసలు కారణం నేను వినడం అదే మొదలు. అవ్వ దారం చుట్టడం ఆపలేదు.

"నువ్వు పిల్లప్పుడు ఎత్తిపోసినావు. నేను బతుకంతా ఎత్తిపోసినా. అప్పుడు మగ్గం ఉండె, నీళ్ళను ఉండనిచ్చేదానికి లేకపోయె. ఇప్పుడు మగ్గం లేదు కదప్పా. నీళ్ళన్నా ఉండనీ."

నాయన వెళ్ళిపోతాడనుకున్నాను, వెళ్ళలేదు. అవ్వ చుట్టిన చుట్ల వైపే చూస్తూ నిలబడ్డాడు. నేతగాడి ముందు వదులైన పోగు ఉంటే వాడి చెయ్యి ఊరుకోదు. "వదులుగా ఉండాది" అన్నాడు చివరికి. "నాకు కండ్లు అగుపడ్తాయా?" అంది అవ్వ. ఆయన పంచె ఎగ్గట్టి గుంతలోకి దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఆ చుట్లన్నీ విప్పి, పోగు తర్వాత పోగు బిగించి కొత్తగా చుట్టాడు. నేను పైపు పట్టుకున్నాను. ఈసారి కారలేదు.

ఆదివారం పొద్దున ట్రాక్టరు వచ్చేసరికి నీళ్ళు బండ మీది నుంచి కాలువలో పారి గుంతలో పడుతున్నాయి. "మట్టి యాడ పోయల్లన్నా?" అన్నాడు డ్రైవరు. నాయన మా ఎవరి ముఖమూ చూడకుండా, "ముందర రోడ్డు మీద పొయ్యప్పా. వానొస్తే శానా బురదయితాంది" అన్నాడు. అవ్వ ఆ సాయంత్రమే వీధి వీధంతా పిలిచి, మొత్తం తానే చేశానని చెప్పింది. నా గురించి కూడా ఒక మాట చెప్పింది: "మా వాడు పైపు బాగా పట్టుకుంటాడు."

ఇప్పుడు నేను ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పైపులైన్ల పని చూస్తాను. అక్కడ ప్రతి పైపుకూ ఒక రంగు, ఒక పేరు ఉంటాయి. నలుగురు సరే అంటే గానీ ఒక్క జాయింటు విప్పకూడదు. అవ్వ ఇప్పుడు లేదు. పోయిన ఎండాకాలం సెలవు రోజున సరైన కొలతల జాయింట్లూ క్లిప్పులూ సంచి నిండా కొనుక్కుని ఇంటికి వెళ్ళాను, ఆ సబ్బులో వండిన అతుకులన్నీ తీసేసి ఒక పద్ధతిగా బిగిద్దామని. వెళ్ళేసరికి కరెంటు లేదు, గుంతలో నీళ్ళు బాగా తగ్గిపోయాయి. నాయన కుళాయి దగ్గర నుంచి బిందెతో నీళ్ళు మోసుకొచ్చి, వంగి, నెమ్మదిగా గుంతలో పోస్తున్నాడు. అతుకుల మీద పట్టు పోగులు కొత్తవి. ఈ మధ్య నేసిన చీరల రంగులు.

"కరెంటు వచ్చేదాకా ఉంటే ఏమైతాది నాయనా?" అన్నాను.

"చేపలు ఉడికిపోతాండాయి రా" అన్నాడు, తల ఎత్తకుండా. "ఆ సంచి ఆడ పెట్టి ఇంకో బిందె తీస్కరా."

ఇంత చదివీ, ఇంత సర్వీసు చేసీ, ఆ పెరట్లో నేను ఇప్పటికీ అందించేవాణ్ణే. నవ్వుకుంటూ సంచి గోడకు తగిలించి, బిందె తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాను.