ఖైరూనత్త చెప్పిన ఓడ కథ

మొన్న కడపలో ఏడు రోడ్ల దగ్గర ఒక మరమ్మతు అంగడి ముందు నిలబడి ఉండగా, లోపల ఎవరో పాత డబ్బా టీవీ వెనుక మూత విప్పి, ఇంకా పనిచేస్తుందేమో చూద్దామని కరెంటు పెట్టారు. వేడెక్కిన దుమ్ము, కాలీకాలని ప్లాస్టిక్కు, కరిగిన తగరం కలిసిన వాసన ఒకటి గుప్పున బయటికి వచ్చింది. వచ్చిన పని మరచిపోయి అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఆదివారం పొద్దునే. కోయిలకుంట్లలో మా ఇంటి నడవలో చాపలు పరుస్తున్న చప్పుడు వినిపిస్తుంది.

మాది అంగళ్ళ వీధి. ముందువైపు నాయన నూనె, పప్పుల అంగడి, వెనుకవైపు మేము. మధ్యలో గోడ ఉన్నా వాసనలకు అది అడ్డం కాదు కాబట్టి, శనగలు దిగే నెలల్లో ఇల్లంతా కొత్త గోనెసంచుల వాసన, ఎండాకాలంలో గానుగ పిండి వాసన, వాన పడితే వీధి చివరి నల్లరేగడి వాసన వేసేది. ఆ రోజుల్లో వాన పడడమే తక్కువ. ఏటి పొడవునా ఇసుకే కనిపించేది, ఆడవాళ్ళు బిందెలు వరసగా పెట్టి నీళ్ళ ట్యాంకరు కోసం గడపల్లో కూర్చునేవారు. ఆదివారం మాత్రం అమ్మ పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసి పెద్ద పళ్ళెం నడవలోకి పంపేది, ఎందుకంటే ఆదివారం వీధి సగం మా ఇంట్లోనే ఉండేది. మా డబ్బా టీవీలో ఓడ చూడడానికి.

నేను పుట్టకముందే ఎక్కడో విదేశంలో తీసిన ధారావాహిక అది. ఎండిపోయిన తమ లోకాన్ని వదిలి, నీళ్ళున్న చోటు వెతుక్కుంటూ ఒక గడ్డం పెద్దాయన నడిపే ఓడలో నక్షత్రాల మధ్య తిరిగే మనుషుల కథ. దానికి అసలు పేరు పొడుగ్గా ఉండేది, మాకు మాత్రం అది ఓడే. అట్టముక్కల గోడలు, వెలిగి ఆరే గుండీలు. ఓడ మలుపు తిరిగేటప్పుడు దాన్ని పైనుంచి వేలాడదీసిన దారం కూడా కనిపించేది. అయినా మాలో ఒక్కరికీ అది దారంలా తోచలేదు. చిక్కల్లా ఒక్కటే, మన దగ్గరికి వచ్చేసరికి అందులో అందరూ హిందీలో మాట్లాడేవారు. మా వీధిలో హిందీ అర్థమయ్యే మనిషి ఖైరూనత్త ఒక్కతే.

ఖైరూనత్త మా పక్కింట్లో ఉండేది. మిషను మీద రవికెలు కుట్టేది. ఆమె భర్త మస్తాన్ మామ పని కోసం కువైట్ వెళ్ళాడు, పిల్లలు లేరు. అత్త మా అవ్వ పక్కన స్తంభానికి ఆనుకుని కూర్చుని, టీవీలోని మాట పూర్తి కాకముందే అందుకుని, మా భాషలో చెప్పేది. అవ్వ ఊరకే వినేది కాదు, ప్రతిదానికీ ప్రశ్న వేసేది.

“ఖైరూనూ, ఆ గడ్డపాయన ఏమంటాండాడు?”

“నీళ్ళు ఇంగా శానా దూరం ఉండాయంట అవ్వా. ఎవురూ దిగులుపడాకండి అంటాండాడు.”

“నీళ్ళ కోసరం అంత దూరం పోతాండారా పాపం. పొద్దున్నించి ఏమన్నా తిన్యారా వాళ్ళు?”

“తిన్యారు. రొట్టె తిన్యారంట.”

ఆ ఓడలో ఇనుముతో చేసిన మనిషి ఒకడుండేవాడు. బరువులన్నీ వాడే మోసేవాడు, ఏడవడం తెలియదు, ఎవరేం చెప్పినా తల వంచి చేసేవాడు. అవ్వ వాడికి ఇనపయ్య అని పేరు పెట్టింది. మేం పిల్లలం మధ్యాహ్నం వేళ ఖాళీ నూనె డబ్బాలకు కళ్ళ దగ్గర బొక్కలు చేసి తలమీద బోర్లించుకుని ఇనపయ్యలమయ్యేవాళ్ళం. శనగపొట్టు కుప్పలు వేరే లోకాలు, సరుకు లేని ఎద్దులబండి ఓడ. సాయంత్రానికి జుట్టంతా నూనె మడ్డి అంటుకుని, అమ్మ సీకాయ పెట్టి రుద్దుతుంటే కళ్ళు మండేవి.

ఒక ఆదివారం ఓడ ఒక రాతి లోకం మీద దిగి చిక్కుకుపోయింది. ఎవరైనా ఒకరు బయట నిలబడి ఏదో పెద్ద పిడి పట్టుకుంటే తప్ప అది లేవదు. ఇనపయ్య దిగాడు. ఓడ లేచిపోయింది. దుమ్ములో ఒంటరిగా నిలబడి పైకి చూస్తున్న వాణ్ణి చూపించి ఆ వారానికి ఆపేశారు. మరుసటి ఆదివారం చాపలు పరిచి అందరం కూర్చున్నాం. ఓడ రాలేదు, దాని చోట ఎవరో పాటలు పాడుతున్నారు. ఆ పైవారమూ అంతే. ఎందుకు ఆపారో చెప్పేవాళ్ళు లేరు. కొన్ని వారాలకు చాపలు పరవడం మానేశాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మస్తాన్ మామ దగ్గర్నుంచి ఫోన్లు రావడం ఆగిపోయింది. అంతకుముందు శుక్రవారం శుక్రవారం మా అంగడి ఫోన్‌కి చేసేవాడు. నాయన గట్టిగా పిలిస్తే ఖైరూనత్త కొంగు తలమీదికి లాక్కుంటూ పరుగెత్తుకొచ్చేది. ఇప్పుడు శుక్రవారం పొద్దున్నించీ ఏదో ఒక పని పెట్టుకుని అంగడి గడపలోనే తచ్చాడేది. తెలిసినవాళ్ళను అడిగించింది. యజమాని ఎడారిలోకి పంపాడని ఒకరు, అక్కడ లేనే లేడని ఇంకొకరు చెప్పారు. పీర్ల పండక్కి ప్రతి ఏడూ మాకు తీపి చోంగె రొట్టెలు పంపేది, ఆ ఏడు వాళ్ళ పొయ్యి వెలగలేదు. అమ్మే ఓళిగలు చేసి నాచేత పంపింది. తిన్నదో లేదో తెలియదు.

ఒక మధ్యాహ్నం ఆమె అవ్వ దగ్గర కూర్చుని శనగలు బాగుచేస్తోంది. నేను పక్కనే ఉన్నాను. అవ్వ మామూలుగానే, ఏ ఆలోచనా లేకుండా అడిగింది.

“ఖైరూనూ, ఆ ఇనపయ్యను మళ్ళా వచ్చి తోలుకోని పొయినారా?”

అన్ని ప్రశ్నలకూ జవాబు సిద్ధంగా పెట్టుకునే ఖైరూనత్త చేట కింద పెట్టింది. “నాకు తెల్దవ్వా,” అంది. చేతులు దులుపుకుని, “అట్ల ఇడ్సిపెట్టినోళ్ళను ఎవురన్నా వచ్చి తోలుకపోతారా?” అంది.

అప్పుడు అవ్వకు అర్థమైంది. చేట తనవైపు లాక్కుని, రాళ్ళు ఏరుతూ, ముందు రోజే తను చూసి వచ్చినట్టు చెప్పడం మొదలుపెట్టింది.

“తోలుకపోక? ఆ గడ్డపాయనకు ముద్ద దిగలేదు. ఓడ తిప్పండి అన్న్యాడు. నీళ్ళు తర్వాత చూసుకుందాం, ముందు పిల్లోన్ని తెచ్చుకుందాం అన్న్యాడు. పొయ్యి చూస్తే వాడు ఆన్నే నిలబడినాడు. మోకాళ్ళకు తుప్పు పట్టి కదల్లేకుంటే, గానుగ నూనె తెచ్చి పూసినారు. మెల్లగ నడిపించుకోని వచ్చి, ఇంత సద్ది కలిపి పెట్టినారు.”

“ఇనపయ్య అన్నం తినడవ్వా,” అన్నాను నేను.

“ఆకలైతే ఎవురన్నా తింటారు.”

ఖైరూనత్త కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. అవ్వ ఆమెను ఊరుకోమనలేదు, కథా ఆపలేదు. ఓడ ఎటు తిరిగిందో, దారిలో వాన ఎట్లా పడిందో, ఇనపయ్య కిటికీ దగ్గర ఎట్లా నిద్రపోయాడో చెబుతూనే ఉంది. హిందీ ముక్క రాని మా అవ్వకు అంత కథ ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. చేటలో శనగలు అయిపోయేదాకా చెప్పింది.

మస్తాన్ మామ మరుసటి శనగ కోతలప్పుడు తిరిగొచ్చాడు. దూరంగా ఎడారిలో గొర్రెల మంద దగ్గర ఉంచారట, మాట పంపే దారే లేదట. ఎముకల గూడులా ఉన్నాడు, నల్లగా మాడిపోయాడు. చూడడానికి వీధంతా గుమిగూడింది. తర్వాత వాళ్ళు అత్త పుట్టినిల్లు కడపకు మారారు. అక్కడ మామ ఆటో తోలేవాడు. అవ్వ ఆ తర్వాత ఎంతోకాలం లేదు.

నేను కడపలో డిగ్రీ చదివే రోజుల్లో ఓడను కొత్తగా తీశారు. కేబుల్‌లో, తెలుగులోనే వచ్చేది. ఓడను నడిపించేది ఇప్పుడు ఒక ఆడమనిషి. దారాలు లేవు, అట్టగోడలు లేవు, చుక్కలు నిజం చుక్కల్లా ఉన్నాయి. ఇనపయ్యకు మనిషి చర్మం వచ్చింది, సినిమా హీరోలా తయారయ్యాడు. ఆదివారాలు హాస్టల్ నుంచి ఖైరూనత్త ఇంటికి వెళ్ళేదాన్ని. “నాయకురాలా, ఇంధనం క్షీణిస్తున్నది” అని వాళ్ళు పుస్తకాల తెలుగులో అంటుంటే అత్త అలవాటుకొద్దీ “ఏమంటాండాడంటే” అని మొదలుపెట్టి, అవసరం లేదని గుర్తొచ్చి ఆగిపోయేది. ఆ ఆగిపోవడం చూస్తే నాకు ఏదోగా ఉండేది.

కొత్త ఓడ కూడా అదే రాతి లోకం చేరింది. ఇనపయ్య దిగాడు, ఓడ లేచింది. మామ అన్నం తింటూ చూస్తున్నాడు.

“అట్ల ఇడ్సిపెట్టి పోతారా?” అన్నాడు.

“మళ్ళా వచ్చినారు,” అంది అత్త. “కోయిలకుంట్ల అవ్వ చెప్పింది.”

ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆయనకు చెప్పనే లేదని నాకప్పుడు తెలిసింది. గడ్డపాయనకు ముద్ద దిగకపోవడం దగ్గర్నుంచి మొత్తం చెప్పింది. కంచంలో మామ చెయ్యి ఎండిపోయింది.

“నూనె పూసినారా?”

“ఊఁ. మోకాళ్ళకు.”

ఆయన లేచి చెయ్యి కడుక్కుని, వాకిట్లోకి పోయి చాలాసేపు వీధివైపు చూస్తూ నిలబడ్డాడు.

ఇప్పుడు మా అంగళ్ళ వీధి ఇంటి చోట సెల్‌ఫోన్ల అంగళ్ళున్న కట్టడం లేచింది. నడవలు లేవు, పక్కింటివాళ్ళు వచ్చి కూర్చునే ఆదివారాలు లేవు. ఓడను మూడోసారి కూడా తీశారు. మా అమ్మాయి చెవుల్లో ఏవో పెట్టుకుని, తనకు కావలసిన భాషలో ఒక్కతే చూసుకుంటుంది. మేం చూడలేకపోయిన పాత భాగాలు కూడా ఫోన్‌లో దొరుకుతున్నాయని తనే చెప్పింది. ఇప్పుడు నాకు హిందీ వచ్చు కాబట్టి అన్నీ చూశాను. గడ్డపాయన ఎవరినీ దిగులుపడొద్దనలేదు, రొట్టె మాట ఎక్కడా లేదు. ఇక ఇనపయ్య సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తర్వాతి భాగాల్లో అతడి చోట వేరే యంత్రాన్ని పెట్టుకుని నీళ్ళు వెతుక్కుంటూ సాగిపోయారు.

మనసు ఊరుకోక ఖైరూనత్తకు ఫోన్ చేసి చెప్పాను. మిషను చప్పుడు ఆపి విన్నది.

“పోనీలేమ్మా,” అంది. “వాళ్ళు పోకుంటే ఏమి. మీ అవ్వ పొయ్యి తోలుకోని వచ్చింది గదా.”